నవల రాస్తున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాలలో తొలి నవల రాస్తున్నవారి రాతప్రతులు చదివి, సరిదిద్ది, అచ్చుకు సిద్ధం చేయడం నా పని. అందువల్ల ఏడాది పొడవునా దాదాపు ఒకే రకం ప్రశ్నలు వినవలసి వస్తున్నది. జనవరిలో పుస్తక మహోత్సవం దగ్గరపడే రోజుల్లో ఇవి మరీ ఎక్కువవుతాయి. ఎక్కువమంది అడిగేది ప్రచురణ గురించి, ఎక్కువమందికి అవసరమైనది తిరగరాయడం గురించి. అందుకే కొన్ని జవాబులు పొడవుగానూ కొన్ని ఒకటి రెండు వాక్యాలలోనూ ఉన్నాయి.

కథలు రాయడం అలవాటైంది. నవలకు అది సరిపోతుందా?

వాక్యం మీద పట్టు, సన్నివేశాన్ని క్లుప్తంగా చెప్పే నేర్పు కథల వల్ల అలవడతాయి, అవి నవలకూ పనికివస్తాయి. అయితే కథ ఒక మలుపును ఆసరా చేసుకొని నిలబడుతుంది, నవలకు కాలం గడవడం కావాలి. అమరావతి పరిసర గ్రామాల నుంచి వచ్చే రాతప్రతులలో ఈ తేడా బాగా తెలుస్తుంది. 2015లో 29 గ్రామాలలో భూసమీకరణ జరిగినప్పుడు ఒక రైతు నీటి వసతి ఉన్న తన జరీబు పొలం ఇస్తున్నట్లు అంగీకార పత్రం మీద సంతకం చేయడం కథకు చాలినంత విషయం. అప్పటిదాకా ఆ పొలాన్ని కౌలుకు చేసిన మనిషి తర్వాత ఏ పనిలో కుదిరాడు, ప్రభుత్వం నుంచి ఏటా వచ్చే కౌలు సొమ్ము రైతు ఇంట్లో ఎవరి చేతికి అందింది, తిరిగి ఇస్తామన్న ప్లాటు కాగితం మీదే ఉండగా కూతురి పెళ్ళి మాటలు ఏ అంకె దగ్గర ఆగిపోయాయి, కూరగాయల కోతకు వెళ్ళే ఆడకూలీలు ఏ ఊరికి ఆటో ఎక్కవలసి వచ్చింది అన్నవన్నీ కలిసినప్పుడు అది నవల అవుతుంది. ప్రధాన సంఘటన ముగిసిన మరుసటి సంవత్సరం గురించి చెప్పడానికి మీ దగ్గర ఏమీ లేకపోతే అది కథే. దానిని రెండు వందల పేజీలకు సాగదీయవద్దు.

నవల ఎన్ని పేజీలు ఉండాలి?

స్థిరమైన కొలత ఏదీ లేదు. డెమీ 1/8 సైజు పుస్తకంలో, మామూలు అక్షరం పరిమాణంతో, పేజీకి సుమారు 220 నుంచి 250 మాటలు పడతాయి కనుక 50 వేల మాటల రాతప్రతి రెండు వందల పైచిలుకు పేజీల పుస్తకం అవుతుంది. తెలుగులో తొలి నవలలు చాలావరకు ఈ పరిమాణానికి అటూ ఇటూగా ఉంటాయి. ఇంగ్లీషు నవలల మాటల లెక్కను తెలుగుకు అన్వయించుకోవద్దు. మన విభక్తులూ క్రియల చివరి భాగాలూ మాటకే అతుక్కొని ఉంటాయి గనుక అదే విషయం తెలుగులో తక్కువ మాటలతో పూర్తవుతుంది.

ఉద్యోగం చేస్తూ, ఇల్లు చూసుకుంటూ నవల రాయడం సాధ్యమేనా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడు సభలలో రెండు ఉదాహరణలు తప్పకుండా వినిపిస్తాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని 1922లో రాయవెల్లూరు జైలులో రాశారు. విశ్వనాథ సత్యనారాయణ 1934లో 'వేయిపడగలు'ను ఆశువుగా చెబుతుంటే ఆయన తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారు. రెండూ నిజమే. కానీ బ్రాడీపేటలో అకౌంట్లు చూసుకొని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే మనిషికి ఈ రెండింటి వల్లా ఒరిగేది లేదు. మొదటిది విన్నవారు ఏకాంతం దొరికే రోజు కోసం ఎదురుచూస్తారు, రెండోది విన్నవారు ఆవేశం వచ్చే రోజు కోసం ఎదురుచూస్తారు. ఈలోగా రాతప్రతి ఇరవయ్యో పేజీ దగ్గరే ఉండిపోతుంది.

వారానికి నాలుగు రోజులు, రోజుకు ఒక గంట, అదీ ఒకే వేళలో కూర్చోగలిగితే ఏడాదిలో మొదటి చిత్తుప్రతి పూర్తి చేయవచ్చు. విజయవాడ, గుంటూరుల మధ్య రోజూ తిరిగే ఉద్యోగులు బస్సులో రాస్తామంటారు. కొత్త సన్నివేశం కల్పించడానికి బస్సు అంత అనువైన చోటు కాదు గాని, నిన్న రాసినది ఫోనులో చదువుకొని దిద్దుకోవడానికీ, రేపటి సన్నివేశంలో ఎవరెవరు ఉండాలో రాసుకోవడానికీ ఆ గంట బాగా పనికివస్తుంది. ఒక సన్నివేశం పూర్తిచేసి లేవడం కన్నా సగంలో, తర్వాతి మాట తెలిసి ఉండగానే లేవడం మంచిది. మరునాడు తెల్ల కాగితం ముందు కూర్చోవలసిన బాధ తప్పుతుంది.

ఇంటిల్లిపాదీ లేవకముందే లేచి రాసుకోవాలని స్త్రీలకు సలహా ఇచ్చే రచయితలు చాలామంది ఉన్నారు. ఆ సలహా ఇచ్చేవారిలో పాలు కాచి, క్యారేజీలు సర్దిన అనుభవం ఉన్నవారు తక్కువ. నిద్ర తగ్గించుకొమ్మని నేను చెప్పను. వారానికి రెండు పూటలు ఇంటిపని మరొకరు చూసుకోవాలని ఇంట్లో మాట్లాడి ఒప్పించుకోవడం అంతకన్నా ముఖ్యం.

సగం దాకా చకచకా సాగి ఆగిపోయింది. ఏం చేయాలి?

తొలి నవలలలో అత్యధికం ఇక్కడే ఆగిపోతాయి. ప్రారంభం ఏళ్ళ తరబడి మనసులో తిరిగినది కనుక అరవై, డెబ్భై పేజీలు వేగంగా వస్తాయి. ముగింపు కూడా ఎలాగో తెలిసే ఉంటుంది. మధ్యభాగం మాత్రం ఎవరికీ ముందుగా కనిపించదు, రాస్తూ కనిపెట్టవలసిందే. అక్కడ రచయిత ఆగిపోవడానికి నా అనుభవంలో తరచుగా కనిపించే కారణాలు కొన్ని ఉన్నాయి.

ప్రధాన పాత్ర అన్నిటినీ భరిస్తుంది తప్ప ఏమీ చేయదు. అత్తగారు మాట అంటుంది, భర్త పట్టించుకోడు, అప్పులవాడు గుమ్మం ముందు నిలబడతాడు, ఆమె కళ్ళు తుడుచుకుంటుంది. ఇలాంటి అధ్యాయాలు ఆరు రాసేసరికి ఏడోదానిలో రాయడానికి కొత్త కష్టం దొరకదు. లేదా రచయిత తన పాత్ర మీద జాలిపడి హైదరాబాదు నుంచి మంచి మేనమామను దింపుతాడు, ఆయన డబ్బు సర్దుతాడు, దానితో కథ సర్దుకుంటుంది, నవల ఆగిపోతుంది. ఇటువంటప్పుడు ఆ పాత్ర చేత సొంతంగా ఒక నిర్ణయం తీసుకోనివ్వండి. అది తప్పు నిర్ణయమైతే మరీ మంచిది, ఎందుకంటే దాని ఫలితాలను తర్వాతి వంద పేజీలు మోయవలసి వస్తుంది.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్ మునిగిన తర్వాత ఆ వరద మీద రాసిన రాతప్రతులు కొన్ని చదివాను. చాలావాటిలో మూడో అధ్యాయానికి నీళ్ళు వస్తాయి, ఆ తర్వాత అందరూ డాబా మీద కూర్చొని పడవ కోసం, ఆహార పొట్లాల కోసం చూస్తూ ఉంటారు. అనుభవించినవారికి అది నరకమే. కానీ పాఠకుడికి పదో అధ్యాయంలోనూ అదే డాబా, అదే ఎదురుచూపు కనిపిస్తే ఆ నరకం తెలియదు, విసుగు మాత్రమే తెలుస్తుంది. ఒక్క రాతప్రతి మాత్రం కదిలింది. అందులో కింది వాటాలో ఉండే ఇంటి యజమాని కుటుంబం, పై వాటాలో అద్దెకుండే కుటుంబం ఒకే డాబా మీదికి చేరుతారు. మిగిలింది ఒకే ఒక మంచినీళ్ళ టిన్ను, అది అద్దెకున్నవాళ్ళది. రెండు నెలల అద్దె బాకీ గురించి పది రోజుల క్రితమే మెట్ల మీద గొడవ జరిగింది. గ్లాసుతో నీళ్ళు పంచేటప్పుడు ఆ ఇల్లాలు ఎవరికి ముందు పోసింది, యజమాని తల్లి ఆ గ్లాసు అందుకోవడానికి ఎంతసేపు తటపటాయించింది అన్న చోట ఆ నవల మొదలైంది. నీళ్ళు తగ్గినా ఆ గ్లాసు సంగతి తగ్గదు కాబట్టి మధ్యభాగం తనంతట తానే నడిచింది.

ఇంకొక మాట. 120వ పేజీలో కలం కదలకపోతే లోపం సాధారణంగా 120లో ఉండదు, 70లోనో 80లోనో ఉంటుంది. వెనక్కి వెళ్ళి ప్రతి అధ్యాయానికీ ఒక వాక్యం రాసుకోండి. ఇందులో ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డుపడ్డారు, చివరికి ఏం మారింది? మూడో ప్రశ్నకు జవాబు లేని అధ్యాయాలు రెండు మూడు వరుసగా కనిపిస్తే నవల ఎక్కడ చిక్కుకుందో తెలిసినట్లే.

చిత్తుప్రతి పూర్తయింది. దానిని ఎలా తిరగరాయాలి?

రాయడం తెలిసినవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు, తిరగరాసేవారే తక్కువ. నవలాకారుడిగా ఎదగడం అనేది నాకు కనిపించినంతవరకు ఈ దశలోనే జరుగుతుంది. పది నవలలు రాసి ఒక్కటీ తిరగరాయనివారు పదో నవలలోనూ మొదటి నవలలోని తప్పులే చేయడం చూశాను.

ఒక చిన్న నమూనా చూడండి. గుంటూరు మిర్చి యార్డు నేపథ్యంగా నేను కల్పించి రాసిన పేరా ఇది. ఇటువంటివి ప్రతి రాతప్రతిలోనూ దొరుకుతాయి.

"మిర్చి యార్డు ఎర్రని సముద్రంలా ఉంది. ఘాటు ముక్కుపుటాలను అదరగొడుతోంది. ఆరుగాలం చెమటోడ్చిన కోటయ్య గుండె ఒక్కసారిగా బరువెక్కింది. ఈ సమాజంలో రైతుకు న్యాయం ఎక్కడుంది అని అతడు లోలోపల కుమిలిపోయాడు."

తప్పు వాక్యం ఒక్కటీ లేదు, కానీ కోటయ్య ఎవరో కూడా తెలియదు. తిరగరాసిన రూపం ఇది (టిక్కీ అంటే మిర్చి బస్తా, తాలు అంటే రంగు తేలిన నాసికాయ).

"గుమస్తా టిక్కీ మూతి కుట్టు విప్పి గుప్పెడు కాయలు బయటికి తీశాడు. ఒకటి విరిచాడు. కాయ వంగింది గాని చిట్లలేదు. 'తేమ ఉంది బాబాయ్' అన్నాడు కోటయ్య మొహం చూడకుండానే. రాత్రి చినుకులు పడ్డప్పుడు లారీ మీది పట్టా తన బస్తాల దాకా రాలేదన్న సంగతి కోటయ్య చెప్పలేదు. 'తాలు ఒక్కటి లేదు, చూడు' అన్నాడు."

రెండో దానిలో సముద్రం లేదు, సమాజం లేదు. ఎండిన కాయ విరిస్తే పెళుసుగా చిట్లుతుంది, తేమ ఉన్నది వంగుతుంది అన్న యార్డు పరిజ్ఞానం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, నష్టపోతున్న మనిషి కూడా ఒక నిజాన్ని దాచి మరొక నిజాన్ని ముందుకు తోస్తున్నాడు. అతని మీద జాలిపడాలో వద్దో పాఠకుడే తేల్చుకోవాలి. ఈ పేరా తర్వాత తక్‌పట్టీ (అమ్మకం లెక్కల చీటీ) చేతికి వచ్చే సన్నివేశంలో అతని మౌనానికి ఒక బరువు ఉంటుంది. మొదటి పేరా తర్వాత ఏ సన్నివేశం వచ్చినా ఒకటే.

పని వరుస కూడా ముఖ్యం. చిత్తుప్రతి పూర్తికాగానే దానిని కొన్ని వారాలు పక్కన పెట్టండి. తర్వాత కాగితం మీద ప్రింటు తీసి, కలం చేతిలో పట్టుకోకుండా మొదటి నుంచి చివరి దాకా చదవండి. మొదటి విడతలో అధ్యాయాల క్రమం, ఏ పాత్ర అవసరం, ఏది అనవసరం అన్నవి మాత్రమే తేల్చుకోవాలి. రెండో విడతలో సన్నివేశాలు. వాక్యాలు, ఒత్తులు, దీర్ఘాలు చివరికి. తీసివేయబోయే అధ్యాయంలో అక్షర దోషాలు దిద్దుతూ నెల గడిపేవారు చాలామంది ఉన్నారు, ఆ అధ్యాయం మీద అంత శ్రమ పెట్టాక దానిని తీసివేయడానికి వారికి చేయి రాదు.

వాక్యాల దశకు వచ్చాక బిగ్గరగా చదవండి. "ఒక్కసారిగా", "ఏదో తెలియని", "గుండె బరువెక్కింది", "కళ్ళు చెమర్చాయి", "భారంగా నిట్టూర్చింది" అన్నవి కనిపించిన ప్రతి చోటా ఆగి, ఆ మాటలు కొట్టివేస్తే ఆ చోట ఏమైనా మిగులుతుందా అని చూడండి. మిగలకపోతే అక్కడ రాయవలసింది ఇంకా రాయలేదన్నమాట. చివరి అధ్యాయంలో ఒక రిటైర్డు మాష్టారు వచ్చి నవల సారాంశం చెప్పే అలవాటు మన దగ్గర ఎంతకీ పోవడం లేదు. ఆ మాష్టారిని ఇంటికి పంపించండి.

సంభాషణలు ఏ భాషలో రాయాలి? మాది ప్రామాణిక భాషే కదా.

ఇక్కడివారికి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది ఇదే. పత్రికల భాష, పాఠ్యపుస్తకాల భాష కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి వాడుకకు దగ్గరగా రూపొందింది కనుక, తమకు యాస లేదనీ అది రాయలసీమకో ఉత్తరాంధ్రకో తెలంగాణకో ఉంటుందనీ ఇక్కడి రచయితలు అనుకుంటారు. దాని ఫలితంగా వారి నవలలలో అందరూ దినపత్రిక చదివినట్లు మాట్లాడతారు. మాచర్ల దగ్గరి పత్తి రైతు, రేపల్లె వైపు లంకల్లో ఉండే మనిషి, విజయవాడ వించిపేటలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే ముస్లిం ఇల్లాలు, అరండల్‌పేటలో నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరు ఒకే రకంగా మాట్లాడరన్నది చెవిన పడేదే గాని కాగితం మీదికి రాదు.

దీనికన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. పేద పాత్రలకు, అందులోనూ దళిత పాత్రలకు మాత్రమే యాస పెట్టి, ఉన్నత కులాల పాత్రలకు శుభ్రమైన వాక్యాలు ఇవ్వడం. ఆ శుభ్రమైన వాక్యాలు ఆ ఇళ్ళలోనూ ఎవరూ మాట్లాడరు. యాస పెడితే అందరికీ పెట్టండి, లేకపోతే ఎవరికీ వద్దు. స్పెల్లింగు మార్చి రాసే యాస కన్నా వాక్యం విరుపు, మాటల వరుస, ఎక్కడ ఆగుతారు, దేనిని ప్రశ్నగా అడుగుతారు అన్నవి పట్టుకుంటే చదవడానికీ సుఖంగా ఉంటుంది, మనిషీ వినిపిస్తాడు.

పిలుపుల మీద శ్రద్ధ పెట్టండి. భూస్వామి తన కౌలుదారును నలభై ఏళ్ళుగా "ఏరా" అంటున్నాడు. కౌలుదారు కొడుకు ఇంజనీరింగ్ చదివి వచ్చాక అతడిని "ఏమయ్యా" అనడం మొదలుపెట్టాడు. అదే గుమ్మంలో, అదే పూట, తండ్రిని మాత్రం ఇంకా "ఏరా" అనే పిలిచాడు. కొడుకు అది విన్నాడు. ఈ నాలుగు వాక్యాలకు వ్యాఖ్యానం అక్కరలేదు, పేజీల కొద్దీ సాంఘిక చరిత్ర ఇందులోనే ఉంది.

పాత కాలం నేపథ్యంగా రాస్తున్నాను. ఎంత పరిశోధన చేయాలి?

పాఠకుడు పుస్తకం మూసేయకుండా ఉండేటంత. 1950లో తాడేపల్లి నుంచి ప్రకాశం బ్యారేజీ మీదుగా సైకిల్ తొక్కుకుంటూ బెజవాడ వచ్చిన కథానాయకుడిని ఒక రాతప్రతిలో చూశాను. అప్పటికి అక్కడ ఉన్నది పాత ఆనకట్ట, అది 1952లో తెగింది, బ్యారేజీ 1957లో పూర్తయింది. అలాగే 1957 ఏప్రిల్‌కు ముందు నయాపైసలు లేవు, లెక్కలన్నీ అణాలలోనే. నాగార్జునసాగర్ శంకుస్థాపన 1955 డిసెంబరులో జరిగింది, కాలువలకు నీరు వదిలింది 1967లో. అంతకుముందు పల్నాటి గ్రామంలో సాగర్ కాలువ కింద వరి కోతలు రాయకూడదు. ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది 2022లో కనుక 2010 నాటి విజయవాడ పాత్ర కృష్ణా జిల్లా అనే అనాలి. ఇటువంటి వివరాలు ఒక్కోసారి కథనే ఇస్తాయి. 1954 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో ఉంది. ఆ రెండేళ్ళు ఆ ఊరిలో వకీళ్ళ ఇళ్ళు, పూటకూళ్ళ ఇళ్ళు, అద్దెలు ఎలా ఉండి ఉంటాయో ఊహించిన నవల నా కంటపడలేదు.

పాత పత్రికల కోసం 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి ఒకసారైనా వెళ్ళి రండి. గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. అప్పటి వార్తల కన్నా ప్రకటనలు ఎక్కువ ఉపయోగపడతాయి. సబ్బు ధర, బస్సు వేళలు, పెళ్ళికొడుకు అర్హతలు వాటిలోనే దొరుకుతాయి.

బంధువుల జీవితాలను నవలలో వాడుకోవచ్చా?

అందరూ వాడుకుంటారు. పేరు మార్చినంత మాత్రాన మనిషి మారడు, కనుక వృత్తి, ఊరు, పిల్లల సంఖ్య, కుటుంబంలో స్థానం కూడా మార్చండి. ఇద్దరిని కలిపి ఒక పాత్ర చేస్తే ఇంకా మంచిది. కేవలం పగ తీర్చుకోవడానికి రాసిన పాత్ర ఎంత నిజమైనదైనా అట్టముక్కలా ఉంటుంది. ఆ మనిషి వైపు నుంచి ఒక్క అధ్యాయం రాయగలిగిన రోజున ఆ పాత్రను ఉంచుకోండి. నిజమైన పేరుతో నేరారోపణ వంటిది చేస్తే పరువు నష్టం దావా వస్తుంది, 'అన్ని పాత్రలూ కల్పితం' అన్న వాక్యం దానినుంచి కాపాడదు.

యాప్‌లలో సీరియల్‌గా రాయడం మంచిదేనా?

అరవైలలో, డెబ్భైలలో వారపత్రికల సీరియళ్ళు చేసిన పనిని ఇప్పుడు ప్రతిలిపి వంటి వేదికలు చేస్తున్నాయి. వారం వారం రాసి తీరాలన్న క్రమశిక్షణ, వెంటనే చదివేవారు దొరకడం మేలు. భాగం చివర ఉత్కంఠ నిలపాలన్న తొందరలో పాత్రలు తమ స్వభావానికి విరుద్ధంగా ప్రవర్తించడం, మొదటి భాగాలను వెనక్కి వెళ్ళి మార్చలేకపోవడం నష్టం. సీరియల్‌ను పుస్తకంగా వేసేటప్పుడు ప్రతి భాగం మొదట్లో ఉండే గుర్తుచేతలనైనా తీసివేయండి.

రాతప్రతిని ఎవరికి చదివించాలి?

ముగ్గురు చాలు. ఒకరు నవలలు విరివిగా చదివేవారు, ఒకరు మీరు రాసిన వృత్తో ఊరో తెలిసినవారు, ఒకరు మీతో మొహమాటం లేనివారు. "ఎలా ఉంది" అని అడిగితే "చాలా బాగుంది అన్నయ్యా" అనే జవాబు వస్తుంది. దానికి బదులు, ఎక్కడ పుస్తకం పక్కన పెట్టి ఫోను తీశారు అని అడగండి. ఆ పేజీ సంఖ్యలు రాసుకోండి. ఇద్దరు ఒకే చోట ఆగితే అక్కడ లోపం ఉన్నట్లే. దానిని ఎలా సరిచేయాలని వారు చెప్పే ఉపాయం మాత్రం చాలాసార్లు పనిచేయదు, అది మీరే కనుక్కోవాలి.

కలం పేరు పెట్టుకోవాలా?

అవసరమైతే పెట్టుకోండి. దాని గురించి ఆలోచించే సమయంలో ఒక అధ్యాయం పూర్తవుతుంది.

టైపింగ్, ఫాంట్ల సంగతి ఏమిటి?

యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ కేంద్రాలలో చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని 'అను' ఫాంట్లే వాడుతున్నారు. యూనికోడ్ నుంచి అనుకు మార్చేటప్పుడు కొన్ని సంయుక్తాక్షరాలు, అరసున్నాలు, ఉల్లేఖన చిహ్నాలు చెదిరిపోతాయి. అందుచేత మార్చిన తర్వాత మొత్తం మళ్ళీ ప్రూఫు చూడకుండా అచ్చుకు పంపవద్దు. ఫోనులో మాట్లాడుతూ టైపు చేసేవారు విరామ చిహ్నాలూ పేరాలూ తర్వాత విడిగా సరిచూసుకోవాలి.

ప్రచురణకర్త దొరకకపోతే సొంతంగా వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, ఇప్పుడు చాలా తెలుగు నవలలు అలాగే వస్తున్నాయి. ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు సంఖ్యను కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. దానికి డబ్బు అడిగేవారు తమ సేవకు అడుగుతున్నారే గాని సంఖ్యకు కాదు. పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది కనుక 194 పేజీలు వస్తే రెండు పేజీలు తగ్గించి 192 చేయడం వల్ల కాగితం ఆదా అవుతుంది. పంపిణీదారులు, దుకాణాలవారు ధరలో నలభై శాతం వరకూ, కొన్నిసార్లు అంతకు మించి కమీషన్ తీసుకుంటారు. ఆ లెక్క వేయకుండా ధర నిర్ణయించినవారికి ప్రతులన్నీ అమ్ముడైనా పెట్టుబడి తిరిగి రాదు. మొదటిసారి మూడు వందల ప్రతులకు మించి వేయవద్దని నా సలహా. 1954 నాటి చట్టం ప్రకారం వెలువడిన ముప్పై రోజుల్లో ఒక ప్రతిని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, ఒక్కొక్క ప్రతిని చెన్నై, ముంబై, ఢిల్లీలలోని నిర్దేశిత గ్రంథాలయాలకూ ప్రచురణకర్త తన ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురణకర్త మీరే.

జనవరి పుస్తక మహోత్సవానికి పుస్తకం ఉండి తీరాలన్న పట్టుదల మానుకోండి. డిసెంబరులో ప్రెస్సులన్నీ కిటకిటలాడతాయి, ప్రూఫులు ఒక్క రాత్రిలో చూడవలసి వస్తుంది, ఆ తప్పులు ఆ పుస్తకం ఉన్నంతకాలం ఉంటాయి. మరొక ఏడాది జనవరి వస్తుంది.

ఒప్పందంలో ఏమేమి చూసుకోవాలి?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవారికే హక్కు ఉంటుంది, దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రచయిత జీవితకాలమూ ఆ తర్వాత అరవై ఏళ్ళూ అది కొనసాగుతుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని చట్టం భావిస్తుంది. "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న మాట కనిపిస్తే ఆగండి. అచ్చు, ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులను విడివిడిగా రాయించుకోండి. విజయవాడ గాంధీనగర్‌లో సినిమావాళ్ళు తెలుసు కనుక నవలను సినిమాకు పనికివచ్చేలా రాస్తానని చెప్పేవారికి నేను చెప్పేది ఒక్కటే, సినిమాకైతే స్క్రిప్టు రాయడం దగ్గర దారి.

ఎన్ని ముందుమాటలు ఉండాలి?

ఒక్కటీ లేకపోయినా ఫరవాలేదు. నలుగురు పెద్దల ముందుమాటలు, రచయిత కృతజ్ఞతలు, ఒక అభినందన దాటుకొని 31వ పేజీలో మొదటి అధ్యాయం చేరవలసిన నవలలు నా బీరువాలో చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింట కథ మొత్తం మొదటి ముందుమాటలోనే చెప్పేశారు.

పోటీలకు పంపడం వల్ల ప్రయోజనం ఉందా?

గడువు ఉంటుంది గనుక రాయడం పూర్తవుతుంది, ప్రధాన ప్రయోజనం అదే. 35 ఏళ్ళు దాటనివారు కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారం నిబంధనలు చూసుకోవచ్చు. పోటీ ఏదైనా, బహుమతి వచ్చిన నవల మీద హక్కులు ఎవరికి ఉంటాయన్న నిబంధనను ముందుగా చదవండి.

మొదటి నవలను ఎవరూ పట్టించుకోలేదు. రెండోది రాయాలా?

ఆవిష్కరణ సభకు వచ్చిన నూరుమందిలో పుస్తకం చదివేది పదిమంది, చదివి మాట చెప్పేది ఇద్దరు. ఇది మీ ఒక్కరి అనుభవం కాదు. సమీక్షల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రెండో నవల మొదలుకాదు కనుక, మొదటిది ప్రెస్సుకు వెళ్ళిన వారంలోనే దాని పని ప్రారంభించడం మేలు.

రెండోది కష్టమైనదన్న మాట నిజం. మొదటి నవలలో బాల్యం, ఊరు, మొదటి ప్రేమ, తండ్రితో తగాదా అన్నీ ఖర్చయిపోతాయి. ఇప్పుడు విషయాన్ని బయట వెతుక్కోవాలి. అది మంచిదే, ఎందుకంటే తనకు జరగనిదాన్ని రాయడం అక్కడే నేర్చుకుంటాం. ఒక పనిచోటును ఎంచుకొని అక్కడ కొన్నాళ్ళు కూర్చోండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం బయట దస్తావేజులు రాసేవారి బల్ల దగ్గర ఒక పూట గడిపితే అన్నదమ్ములు వాటాలు పంచుకునేటప్పుడు ఎవరు ఎవరి వైపు చూడరో తెలుస్తుంది. కోల్డ్ స్టోరేజీలో ధర కోసం నెలల తరబడి నిలవ ఉన్న మిర్చి ఎవరిది, దాని మీద అప్పు ఎవరిచ్చారు, ధర రాకపోతే మొదట ఎవరి ఇంట్లో నగలు కదులుతాయి అని అడిగితే చెప్పేవారు దొరుకుతారు. నోటుపుస్తకం వెంట తీసుకెళ్ళండి గాని వారి ఎదురుగా తెరవకండి, రాయడం చూస్తే మాటతీరు మారిపోతుంది. విన్నది ఆ రాత్రే, వారి మాటల్లోనే రాసిపెట్టుకోండి.